వెనకాల వస్తోంది

మీ ఇంటి తలుపు గడియ పెట్టాక లోపల ఎంతమంది ఉన్నారో మీకు కచ్చితంగా తెలుసా?

తెలుసంటారు. అందరూ అలాగే అంటారు. ఆ గురువారం పొద్దున ఎవరైనా అడిగి ఉంటే వర్దియా కూడా వేళ్లు మడిచి చెప్పేది: నేను, నా మొగుడు తాహర్, ముగ్గురు పిల్లలు. మొత్తం ఐదుగురం. కుటుంబ పుస్తకంలో మాత్రం ఆరుగురు.

పెళ్లినాడు మున్సిపాలిటీవాళ్లు చేతిలో పెట్టే పుస్తకం అది. పుట్టిన ప్రతి బిడ్డకీ ఒక పేజీ. పేజీ అడుగున 'మరణం' అని చిన్న గడి. మొదటి పేజీ నిహాద్‌ది, పదకొండేళ్లు. రెండోది వసీమ్‌ది, తొమ్మిదేళ్లు. నాలుగోది చిన్నది అనైస్‌ది, నాలుగేళ్లు నిండాయి, అంకెలు పది దాకానే వచ్చు. మధ్యలో మూడో పేజీ ఫెల్లాది. ఫెల్లా పోయి రెండేళ్లయింది. గడి ఖాళీగానే ఉంది.

ఎందుకు ఖాళీగా ఉందో చెబితే మీరు వర్దియాని తిడతారు. తిట్టండి. కానీ మొత్తం విన్నాక తిట్టండి.

అల్జీర్స్ పాతపట్నంలో, సముద్రం వైపు దిగే సందులో ఉండేది వాళ్ల ఇల్లు. మూడొందల ఏళ్ల ఇల్లు. గోడలు కూలకుండా దుంగలు ఆనించి, ఆ దుంగలు కూడా చివికిపోతుంటే చూస్తూ బతికేవాళ్లు ఏడు కుటుంబాలవాళ్లు. కొత్త ఇంటికి అర్జీ పెట్టి పదకొండేళ్లు. ఆ ఇంట్లో పైకెళ్లడానికి ఇరవై మూడు మెట్లు. బల్బు లేదు. పదిహేడో మెట్టు ఊగుతుంది. అందుకని ఆ ఇంటి పిల్లలు చీకట్లో పైకి లెక్కపెట్టుకుంటూ ఎక్కేవారు. పదిహేను, పదహారు, హుప్... పద్దెనిమిది. పదిహేడు అనే అంకెని అక్కడ ఎవరూ పలికేవారు కాదు. దానిమీంచి దూకేవారు.

ఒక వానాకాలం సాయంత్రం, ఆరేళ్ల ఫెల్లా దూకడం మర్చిపోయింది.

మెట్టు విరిగి ఎడమ పాదం నుజ్జయింది. పాదం మానింది గానీ లోపల ఇంకేదో మానలేదు. గాలి మారితే కోలుకుంటుందని కొండల్లోని అమ్మమ్మ ఊరికి తీసుకెళ్లారు. మంచు కురుస్తున్న రోజు, "యెమ్మా, దుప్పటి" అంది. వర్దియా దుప్పటి తెచ్చేలోపు అయిపోయింది. ఇంట్లో తల్లిని 'యెమ్మా' అని కొండ యాసలో పిలిచేది ఫెల్లా ఒక్కతే, పసితనంలో కొన్నాళ్లు అమ్మమ్మ దగ్గర పెరిగింది కాబట్టి. అక్కడే మట్టి కప్పి పట్నం వచ్చారు. ఇక తాహర్ పుస్తకం పట్టుకుని మున్సిపాలిటీకి వెళ్లాలి. వెళ్లలేదు.

"ముగ్గురు పిల్లలుంటే మూడు గదుల ఇల్లిస్తారు, నలుగురుంటే నాలుగు గదులది," అన్నాడు. "ఎలాగూ పోయింది కదే. పోతూ పోతూ తోబుట్టువులకో గది ఇచ్చిందనుకో."

వర్దియాకి ఆయన చెంప పగలగొట్టాలనిపించింది. కొట్టలేదు. ఎందుకంటే ఆ గడిలో సిరా పడటం ఆమె కూడా చూసి తట్టుకోలేదు. ఆయనకి గది కావాలి, ఆమెకి పేరు కావాలి. ఇద్దరూ కలిసి ఒకే అబద్ధం ఆడారు. తనిఖీవాళ్లు వచ్చిన రోజున కింది వాటాలో ఉండే బాయా పిన్ని తన మనవరాలిని అరువిచ్చింది. "నీ పేరేంటి పాపా?" "ఫెల్లా." రాసుకుని వెళ్లిపోయారు. ఆ మెట్టెందుకలా విరిగిందని మాత్రం ఒక్కడూ అడగలేదు.

ఇక ఆ గురువారం సంగతి.

లారీలు సందులోకి రావు. పరుపులు, గిన్నెలు, ఫ్రిజ్జులు భుజాల మీద కింది రోడ్డుకి దిగుతున్నాయి. ఆడవాళ్లు పెళ్లిళ్లలో వేసినట్టు నాలుకలాడిస్తూ కేకలు వేస్తున్నారు సంతోషంతో. బాయా పిన్ని గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని నిలబడి హమాలీల మీద అరుస్తోంది.

"ఒరేయ్, అద్దం! అద్దం జాగ్రత్త! పెళ్లినాటిది!"

"నీతోపాటు దీనికీ వయసైపోయింది పిన్నీ, పగిలినా పెద్ద తేడా తెలీదులే!"

"నీ నోరు పగల! నీ పెళ్లాం మొహం చూసుకోవడానికి ఇస్తున్నానా దాన్ని?"

అందరూ నవ్వారు. వర్దియా కూడా నవ్వింది. రెండేళ్లలో అలా నవ్వడం అదే మొదలు.

అప్పుడు లారీ దగ్గర గుమస్తా జాబితా చదవడం మొదలుపెట్టాడు. నల్లకళ్లద్దాలు, చెవిలో పెన్ను. పేరు పిలుస్తాడు, మనిషి కనబడాలి, టిక్కు పెడతాడు, లారీ ఎక్కాలి.

"నిహాద్!"

"ఉన్నా."

"వసీమ్!"

"ఇదిగో."

"ఫెల్లా!"

బాయా పిన్ని మనవరాలు తల్లిదండ్రులతో మొదటి లారీలోనే వెళ్లిపోయింది. ఆ హడావుడిలో దాని సంగతి ఎవరికీ గుర్తులేదు. తాహర్ వంగి లేని ముడి ఒకటి బిగిస్తున్నాడు.

"ఫెల్లా! ఏదమ్మా మూడో పిల్ల? పిల్ల కనబడకపోతే ఫైలు పక్కన పెడతా. మళ్లీ విచారణ, మళ్లీ మొదటికి."

పదకొండేళ్లు. దుంగలు ఆనించిన గోడలు. వర్దియా వెనక్కి తిరిగింది. ఖాళీ అయిన ఇంటి గుమ్మం నల్లగా నోరు తెరుచుకుని ఉంది. ఆ చీకట్లోకి, రోజూ పిలిచినట్టే గొంతెత్తి పిలిచింది.

"ఫెల్లా! రా తల్లీ! బండి వెళ్లిపోతోంది!"

గుమస్తా వైపు తిరిగి అంది, "వెనకాల వస్తోందండీ."

వాడు ఆ గుమ్మం వైపు ఒకసారి చూసి, టిక్కు పెట్టాడు.

బాయా పిన్ని చప్పున దగ్గరికొచ్చి మోచెయ్యి పట్టుకుంది. "ఏం పని చేశావే?" గుసగుసలాడింది. "వదిలేసే ఇంటి గుమ్మం ముందు నిలబడి పోయినదాన్ని పేరు పెట్టి పిలుస్తారా ఎవరైనా? అది పిల్లల ప్రాణాలు అక్కడ మిగిలిపోకుండా పిలిచే పిలుపు. లేని పిల్లని పిలిస్తే..."

"లేని పిల్ల కాదు," అంది వర్దియా. "నాలుగు గదులిచ్చారుగా. ఉన్నట్టే లెక్క."

లారీ కదిలేసరికి మేస్త్రీలు ఇటుకలు దింపుతున్నారు. ఖాళీ చేసిన ఇళ్లలోకి మళ్లీ ఎవరూ దూరకుండా గుమ్మాలకి గోడ కట్టేస్తారు.

*

కొత్త ఇల్లు పట్నానికి చాలా దూరం. గోధుమ చేల మధ్య పదిహేను బూడిదరంగు భవనాలు. దుకాణం లేదు, బడి లేదు, మసీదు ఇంకా పునాదుల్లోనే ఉంది. వీళ్లది ఆరో అంతస్తు. లిఫ్టు గుంత ఉంది, లిఫ్టు లేదు. కరెంటు మీటర్లు వచ్చేవారం బిగిస్తారట. అదే భవనంలో మూడో అంతస్తు బాయా పిన్నికి వచ్చింది.

తడి సిమెంటు వాసన. కిటికీ అద్దాలకి ఇంకా కాగితాలు అంటించే ఉన్నాయి. పిల్లలు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పరిగెత్తారు, వాళ్ల అరుపులు గోడలకి తగిలి రెట్టింపై వచ్చాయి.

"ఈ చివరి గది నాది!" అంది నిహాద్.

"కాదు," అంది వర్దియా, తలుపు దగ్గరికేస్తూ. "అదెవరిదీ కాదు."

"మరి ఎందుకిచ్చారు?"

తాహర్ నీళ్ల డబ్బాలు తీసుకుని ట్యాంకరు దగ్గరికి, మిగతా సామాను కాపలాకి కిందికి దిగాడు. పాత ఇంట్లో అజాన్ వినపడితే దీపం పెట్టేవాళ్లు. ఇక్కడ అజాన్ లేదు. చీకటి ఎవరికీ చెప్పకుండా వచ్చి కూర్చుంది.

వర్దియా కొవ్వొత్తి వెలిగించింది. బాయా పిన్ని పంపిన పాలు, ఖర్జూరాలు, తను పొద్దున చేసిన రొట్టె, కుండలో శనగల చారు. నేలమీద దుప్పటి పరిచి, "గిన్నెలు పెట్టవే," అంది అనైస్‌తో. చిన్నదానికి ఆ పని ఇష్టం. ఒక్కోటీ పెడుతూ లెక్కపెడుతుంది.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు."

"నాన్న తర్వాత తింటాడు. నాలుగు చాలు."

"నాన్నది కాదు," అంది అనైస్. "ఆ పాపది."

"ఏ పాప?"

"లారీ వెనకాల నడుచుకుంటూ వచ్చింది కదా. ఇప్పుడు మెట్లెక్కుతోంది."

వసీమ్ చేతిలో రొట్టె ముక్క అలాగే ఆగిపోయింది. నిహాద్ తల్లి వంక చూసింది.

"పిచ్చి వాగుడు ఆపి తిను," అంది వర్దియా.

అప్పుడు వినపడింది.

చాలా కింద. బోలుగా, బావిలోంచి వచ్చినట్టు. ఒక అడుగు. తర్వాత... ఈడ్చిన చప్పుడు. ఒక అడుగు. ఈడ్చిన చప్పుడు. దాంతోపాటు సన్నటి గొంతు, ఊపిరి అందనట్టు.

"...నాలుగు... అయిదు... ఆరు..."

"ఎవరో పిల్లలు ఆడుకుంటున్నారు," అంది వర్దియా. అంటూనే లేచి గడియ చూసుకుంది. వేసే ఉంది.

మొదటి అంతస్తులో తలుపు చప్పుడైంది. ఒక మగ గొంతు: "ఎవరి పిల్లవే? ఇది కాదు మీ ఇల్లు. పైకెళ్లు."

అడుగు. ఈడ్చుడు.

రెండో అంతస్తు. ఒక ఆడమనిషి: "అయ్యో, నిలువునా తడిసిపోయావేంటి తల్లీ! బయట వాన కూడా లేదే!" తర్వాత ఆ తలుపు దభాలున మూసుకుంది. రెండు గడియలు పడ్డాయి.

అంతస్తు మారినప్పుడల్లా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతోంది.

"...పద్నాలుగు... పదిహేను... పదహారు..."

వర్దియా మనసులో వేడుకుంది. పలుకు. పదిహేడు పలుకు. దేవుడా, పదిహేడు అనిపించు.

"...పద్దెనిమిది."

నిహాద్ చప్పుడు లేకుండా ఏడవడం మొదలుపెట్టింది. పాతింటి మెట్లెక్కి పెరిగిన పిల్ల అది. దానికి అర్థమైంది.

మూడో అంతస్తు దగ్గర అడుగులు ఆగాయి. ఏదో అడిగినట్టు సన్నటి గొంతు. ఆ తర్వాత బాయా పిన్ని. పొద్దున హమాలీలని హడలెత్తించిన గొంతేనా అది? వణికిపోతోంది.

"ఆరో అంతస్తు తల్లీ... ఆరో అంతస్తు... నా మనవరాలి జోలికి రాకు... అది ఊరికే నీ పేరు చెప్పింది, అంతే... ఆరో అంతస్తు..."

గదిలోకి వాసన వచ్చింది. సిమెంటు వాసన కాదు. తడిసిన సున్నం. నాచు. చివికిన కర్ర. పాత ఇంటి మెట్ల వాసన. అడుగులు పైకి, అంతస్తు తర్వాత అంతస్తు.

నాలుగు.

అయిదు.

కొవ్వొత్తి మంట పడుకుంది. మళ్లీ లేచింది.

తలుపు మీద చప్పుడైంది. భుజం ఎత్తులో కాదు... ఇంకా కింద. ఆరేళ్ల పిల్ల చెయ్యి అందే ఎత్తులో.

"యెమ్మా."

వర్దియా తలుపుకి నుదురు ఆనించింది. చెక్క మంచుగడ్డలా ఉంది.

"యెమ్మా. పిలిచావుగా. వచ్చాను."

"ఫెల్లా..." ఆమె పెదాలు మాత్రమే కదిలాయి. "నువ్వు... నువ్వు రాకూడదమ్మా."

"వాళ్లు నా పేరు చదివారు. నువ్వు 'వస్తోంది' అన్నావు. నా గది ఏది?"

చెప్పాల్సిన మాట ఒక్కటే. నువ్వు చచ్చిపోయావు. అంతే. అది అంటే చాలు, ఆ అడుగులు వెనక్కి దిగుతాయి. వర్దియాకి తెలుసు. నోరు తెరిచింది. రాలేదు. రెండేళ్లు ఆ గడి ఖాళీగా ఉంచిన నోరు అది.

"యెమ్మా... నన్ను కొట్టేస్తావా?"

పేరుని కొట్టేస్తారు. పిల్లని కొడతారు. ఏ కొట్టడమో ఆమెకి తెలియలేదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు. ఆమెకి వినపడింది చలికి వణుకుతున్న తన కూతురి గొంతు మాత్రమే. దుప్పటి అడిగిన గొంతు.

"కొట్టనమ్మా," అంది. గడియ తీసింది.

బయట ఎవరూ లేరు. ఖాళీ మెట్లు. ఆమె మోకాలిని రాసుకుంటూ చల్లటి గాలి ఒకటి లోపలికి వెళ్లింది. కొవ్వొత్తి ఆరిపోయింది.

చీకట్లో నిహాద్ గొంతు.

"అమ్మా... అనైస్ ఏదీ? ఇక్కడే నా చెయ్యి పట్టుకుని ఉంది... అమ్మా..."

చివరి గది తలుపు దానంతటదే మూసుకుంది. మెల్లగా. మర్యాదగా.

తాహర్ టార్చి పట్టుకుని పైకి పరిగెత్తుకొచ్చేసరికి తల్లీపిల్లలు ఆ తలుపుని బాదుతున్నారు. ఆయన భుజంతో గుద్దితే తెరుచుకుంది. అనైస్ వట్టి నేలమీద ముడుచుకుని నిద్రపోతోంది. జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది. ఎడమ పాదానికి సున్నం.

*

శుక్ర, శనివారాలు ఆఫీసులు ఉండవు. ఆ రెండు రోజులూ అనైస్ నోరు విప్పలేదు. చివరి గదిలోంచి బయటికి రాలేదు.

"వెళ్లి ఆ గడి నింపించు," అంది వర్దియా. "గది పోతే పోనీ. ఇల్లే పోతే పోనీ."

"పోతే ఎక్కడికెళ్తామే? పాతింటికి ఇటుకలు కట్టేశారు."

"రెండేళ్ల కింద వెళ్లాల్సినవాడివి. గది కోసం పిల్లని ఆపావు. ఇప్పుడు వెళ్తావా, నన్ను వెళ్లమంటావా?"

ఆదివారం పొద్దున వెళ్లాడు. మధ్యాహ్నానికి వచ్చాడు. మొహంలో ఒక రకమైన తేలిక.

"అయిపోయింది. అక్కడి గుమస్తా తల కూడా ఎత్తలేదు, ఇంటి సంగతే అడగలేదు. మూడో పేజీ నేనే తీసి ముందు పెట్టాను. రాశాడు, ముద్ర కొట్టాడు. కళ్లారా చూశా."

వర్దియా పుస్తకం తెరిచింది.

మూడో పేజీ. ఫెల్లా. మరణం గడి ఖాళీ.

పేజీ తిప్పింది.

నాలుగో పేజీ. అనైస్. గడి నిండుగా ఉంది. గుండ్రటి ముద్ర. తేదీ రెండేళ్ల కిందటిది, మంచు కురిసిన రోజు. సిరా ఎండి, వెలిసి, గోధుమరంగుకి తిరిగింది.

"నేను చూశానే," అన్నాడు తాహర్. "నేను చూశాను..."

మెట్ల మీద చప్పుడు. చివరి గదిలో ఉండాల్సిన పిల్ల కిందినుంచి ఎక్కి వస్తోంది. ఒక అడుగు. ఈడ్చిన చప్పుడు. పది దాకానే అంకెలు వచ్చిన పిల్ల.

"...పదిహేను, పదహారు, పద్దెనిమిది..."

గుమ్మంలో నిలబడింది. అనైస్ మొహమే. అనైస్ గౌనే.

"యెమ్మా," అంది. "ఆకలేస్తోంది."

వర్దియా గిన్నె పెట్టింది. ఏం చేస్తుంది మరి? ఇద్దరినీ కన్నది ఆమే.

మూడు వారాలైంది. పాత సందులో ఇంకా మిగిలిన ఒక కుట్టుపనివాడు బాయా పిన్నికి కబురు పంపాడు. ఇటుకలు కట్టిన ఆ గుమ్మం వెనక ఏదో పిల్ల గొంతు వినపడుతోందట. ఒకటి నుంచి పది దాకా లెక్కపెడుతుంది, ఆగుతుంది. మళ్లీ ఒకటి నుంచి.

వర్దియా వెళ్లింది. గోడకి చెవి ఆనించింది. విన్నది. గోళ్లు ఊడేదాకా ఇటుకల మీద గీకింది. కాపలావాడు రెక్క పట్టి లాగేశాడు. మున్సిపాలిటీకి పరిగెత్తింది. గోడ పగలగొట్టించండి, లోపల నా బిడ్డ ఉంది అంది. పేరు చెప్పమన్నారు. చెప్పింది. గుమస్తా పుస్తకం తీసి నాలుగో పేజీ చూశాడు.

"చనిపోయిన పిల్ల కోసం గోడ పగలగొట్టడానికి అనుమతి ఉండదమ్మా," అన్నాడు.

మళ్లీ బయల్దేరదామనుకున్నప్పుడల్లా గుమ్మంలో ఆ పిల్ల నిలబడి ఉంటుంది. ఎడమ పాదం మీద బరువు వేయకుండా. "మళ్లీ నన్ను వదిలేసి వెళ్తున్నావా, యెమ్మా?"

ఇప్పుడు తిట్టండి వర్దియాని. తిట్టడం అయ్యాక లేవండి. సముద్రం వైపు దిగే ఆ సందులో, ఎడంపక్కన, దుంగలు ఆనించిన మూడో ఇల్లు. మీలో ఎవరు అటు వెళ్లినా సుత్తి పట్టుకుని వెళ్లండి. ఎవరి అనుమతీ అడగకండి. ముందు గోడకి చెవి పెట్టి వినండి. పది దాకా వచ్చి ఆగితే, కొట్టండి. ఆగకుండా కొట్టండి.

పదకొండు అని వినపడితే మాత్రం... సుత్తి అక్కడే వదిలేసి, వెనక్కి తిరగకుండా దిగిపోండి. మీ పేరు పెట్టి పిలిచినా సరే.